నాలుగు జీవాలు

మేనేజరు సురేంద్రబాబు రికార్డింగును మళ్లీ మొదటినుంచి పెట్టాడు. లోన్ల కంపెనీ ఆత్మకూరు బ్రాంచిలో ఫ్యాను మోత ఎక్కువ. అందుకని ఫోనును బోర్లించిన స్టీలు గ్లాసుకు ఆనించి, ఫీల్డ్ ఆఫీసరు మధులత వైపు తిప్పి పెట్టాడు.

"మీ దగ్గర మొత్తం ఎన్ని గొర్రెలు ఉన్నాయండీ?" హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి గొంతు, బడిలో పద్యం అప్పజెబుతున్నట్టు.

"ఏందో తల్లీ, నాలుగు జీవాలుండాయి." ఈ గొంతు ఆదిశేషమ్మది. ఉదయగిరి దాటి సీతారామపురం పోయే దారిలో ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. గొర్రెల దొడ్డికి రేకుల షెడ్డు వేసుకోవాలని లోనుకు పెట్టుకుంది. ఊరకుక్కలు తడికెలు దూకి గొర్రెపిల్లల్ని పట్టుకుపోతున్నాయి.

"నాలుగేనాండీ?"

"ఆఁ. ఆ నాలుగే. వాటిమీదే బతకతా ఉండాం."

"థాంక్యూ అండీ."

రికార్డింగు అయిపోయింది. సురేంద్రబాబు చేతులు కట్టుకున్నాడు. "విన్నావా?"

"విన్నాను సార్. ఏముంది అందులో?"

ఆమె నటించడం లేదు. నిజంగానే ఆమెకు అందులో ఏమీ కనబడలేదు. మధులత పుట్టింది దుత్తలూరు పక్క పల్లెలో, గొర్రెల ఇంట్లో. పుట్టినప్పటినుంచీ ఆమె చెవికి ఆ మాట అట్లాగే అలవాటు.

"ఏముందా? నువ్వు ఫారంలో రాసిన అంకేంది? ఆమె నోటితో చెప్పిన అంకేంది?"

అప్పుడు తట్టింది. తట్టగానే నవ్వొచ్చింది. సురేంద్రబాబు మొహం చూసి ఆ నవ్వును మింగింది. "సార్, నాలుగంటే నాలుగు కాదు సార్. నాలుగు జీవాలంటే... మంద ఉందని."

పడమటి మెట్టలో ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. నాలుగు మెతుకులు తిని పొమ్మంటే విస్తట్లో మెతుకులు లెక్కబెట్టే ఘనుడు ఎవడూ ఉండడు. నాలుగు మాటలు చెప్పిపోరా అంటే నాలుగో మాటతో ఆపేవాడూ లేడు. కాకపోతే అలాంటి ఘనులను జీతాలిచ్చి కూర్చోబెట్టే చోట్లు ఇప్పుడు వచ్చాయి.

"నాకు తెలవదా?" అన్నాడు సురేంద్రబాబు. ఆయనది జలదంకి దగ్గర భూములున్న ఇల్లు. "మా తాతను అడిగితే ఉన్న ఎకరాలకు ఇంకో పది కలిపి చెప్పేవోడు. మీవోళ్లు తగ్గిస్తారు, మావోళ్లు పెంచతారు. నాకు తెలుసు, సిస్టమ్‌కు తెలవదు. నువ్వు గొర్రెల లెక్క పెంచి చూపించినావని రిస్క్ టీమ్ మెయిల్ పెట్టింది. నువ్వింకా ప్రొబేషన్‌లో ఉండావు. ఫ్రాడ్ అని ఒక్కసారి పేరు పక్కన పడిందంటే ఈ ఫీల్డులో ఏ కంపెనీకి పోయినా ముందు అదే కనబడతాది."

"నేను పోయి చూసి రాసినాను సార్. ఫొటోలు కూడా పెట్టినాను."

"పక్క మందను కలిపి ఫొటో తీసినారేమో అంటా ఉండారు." ఆయన స్క్రీను వైపు తిరిగాడు. అవసరం లేకపోయినా మౌస్ కదిపాడు. "ఇంకోటి కూడా అడిగినారు. మీరూ వాళ్లూ ఒకటే గదా అని."

"ఒకటే అంటే?"

ఆయన మళ్లీ మౌస్ కదిపాడు. చెప్పక్కర్లేదు. మధులతకు చెవులు వేడెక్కాయి. కోపమో సిగ్గో ఆమెకే తెలియలేదు. యూనివర్సిటీలో ఎంబీఏ ఫైనాన్స్ చదివి, నలభై మందిలో ముందు వరసలో పాసై వస్తే, చివరికి తేలింది ఆమె గొర్రెలోళ్ల పిల్ల అని.

"ఎల్లుండి పొద్దునే ఇంకో కాల్ చేస్తారు," అన్నాడు సురేంద్రబాబు, గొంతు తగ్గించి. "ఆఖరిది. నువ్వు రాసిన అంకె ఆమె నోటినుంచి రావాల. పక్కనుండి చెప్పించినావని తెలిస్తే అదింకో కేసు. పో, పోయి ఆమెను సిద్ధం చేసుకో."

సాయంత్రం గదికి పోయి జయశ్రీకి ఫోన్ చేసింది. జయశ్రీ ఆమె క్లాస్‌మేట్. ఇప్పుడు హైదరాబాదులో అద్దాల మేడలో పని. క్యాంపస్ సెలక్షన్ రోజు వాళ్లిద్దరూ ఒకే చీర పిన్నును మార్చుకుని ఇంటర్వ్యూలకు పోయారు. ఒకరికి హైదరాబాదు వచ్చింది, ఒకరికి ఆత్మకూరు.

"మనకు రిస్క్ అని ఒక పేపరుండింది గదే. ఇట్టాంటిది అందులో యాడన్నా ఉండిందా?"

"ఉండే ఉంటాది. మనం ఇంపార్టెంట్ క్వశ్చన్లే గదా చదివినాం," అంది జయశ్రీ. "అయినా ఒక అంకె చెప్పేదానికి ఆమెకేం నొప్పి?"

"జీవాల లెక్క నోటితో చెప్పరే. చెబితే మంద తరగతాదని. మా నాయన కూడా చెప్పడు. మా అమ్మకు కూడా."

"మరి ఫారంలో అంకె ఎట్టా రాసినావు?"

"సాయంత్రం దొడ్లోకి తోలతా ఉంటే పక్కన నిలబడి చూసుకున్నా. ఆమెను అడగలా." చెబుతుండగానే మధులతకు తన తప్పు కనబడింది. అడగకూడదని ఆమెకు తెలుసు, అందుకే అడగలేదు. హైదరాబాదు వాళ్లు అడుగుతారని కూడా తెలుసు. ఈ రెండూ ఒకే బుర్రలో ఉండి కూడా ఒకదానికొకటి ఎదురుపడలేదు.

"నా పనేందో చెప్పమంటావా?" అంది జయశ్రీ. "అమెరికాలో ఎవురో ముసలోళ్ల పెన్షను ఫండు. ఈ షీటులో అంకె, ఆ షీటులో అంకె ఒకటేనా కాదా చూడాల. కాకపోతే ఎర్రరంగు పుయ్యాల. ఎందుకు కాలేదో కనుక్కునేది వేరే టీమ్."

"వాళ్లు కనుక్కుంటారా?"

"ఏమో. వాళ్లు మూడో అంతస్తులో ఉంటారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోను పెట్టేశాక మధులత చాలాసేపు మంచం అంచున కూర్చుంది. రేపు ఆ అవ్వను ఏమని అడగాలి? తాను చదివినదానికీ ఈ అడగడానికీ మధ్య దారి ఎక్కడుందో ఆమెకు అంతుపట్టలేదు.

మర్నాడు ఉదయగిరిలో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కింది. పల్లె మొదట్లో టీకొట్టు దగ్గర మెడలో ఐడీ కార్డుతో దిగేసరికి ఒకాయన తాగుతున్న టీ బెంచీ మీద పెట్టి, తన బండిని మెల్లగా కొట్టు వెనక్కు నెట్టుకుపోయాడు. అక్కడ ఫైనాన్స్ అంటే చదువు కాదు, వాయిదా కట్టని బండ్లను లాక్కుపోయే మనుషులు. మధులత నాన్న పెంచలనరసయ్య కూడా కూతురు ఫైనాన్స్ చదివిందని ఊళ్లో ఏనాడూ అనలేదు. "బ్యాంకు చదువు" అని చెప్పుకుంటాడు. మధులత కార్డు తీసి బ్యాగులో వేసుకుంది.

ఆమె పోయేసరికి మంద దొడ్డికి వస్తోంది. ఆదిశేషమ్మ కొంగు నడుముకు దోపి, కంపకంచె సందులో అడ్డంగా నిలబడింది. ఒక్కో గొర్రె వీపు మీద అరచేయి ఆనించి లోపలికి వదులుతోంది. ఒకటి కుంటుతుంటే కాళ్ల మధ్య ఇరికించుకుని, గిట్టల సందు విప్పి, తుమ్మముల్లు గోళ్లతో లాగి నోటితో ఊదింది. లోపల పెద్ద గంప కింద మూసిన పిల్లలు తల్లుల అరుపు విని గోల పెడుతున్నాయి. గంప ఎత్తగానే దొడ్డంతా కలగాపులగమైంది. కాసేపటికి ఏ తల్లి పిల్ల ఆ తల్లి కిందికి చేరింది.

"రా పాపా, కూర్చో. షెడ్డు సంగతేమన్నా తేలిందా?"

"మళ్లీ ఫోనొస్తాది అవ్వా. ఈసారి అంకె చెప్పాల."

"ఏం అంకె?"

"జీవాలెన్నో."

"చెప్పినాను గదా."

"నాలుగంటే వాళ్లు నాలుగే అనుకున్నారవ్వా."

ఆదిశేషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాలుగు జీవాలకు ఎవురన్నా రేకుల షెడ్డేస్తారా? ఆ మాత్రం తెలవదా వాళ్లకు?"

"వాళ్లకు రాసుకునేదానికి అంకె కావాల."

"నువ్వు చూసినావు గదా. నువ్వు చెప్పు."

"నేను చెబితే నమ్మరు."

"పనికి పెట్టుకున్నోళ్లే నిన్ను నమ్మరా?" అంది ఆదిశేషమ్మ. ఎగతాళికి కాదు, తెలియకనే అడిగింది. మధులత గంప అంచున వెదురు పుల్ల ఒకటి గిల్లుతూ కూర్చుంది.

ఆదిశేషమ్మ పాలపొదుగు ఒకటి తడిమి చూసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "మా ఇంటాయన ఒకసారి సంతలో ఎవురో రెచ్చగొడితే చెప్పేసినాడు. ఆ ఏడే నీలినాలుక రోగం తగిలింది. సగం మంద పాయె. చెప్పినందుకు వచ్చిందో, ముసురుకు వచ్చిందో నాకు తెలవదు పాపా. తెలవనప్పుడు చెప్పడమెందుకు?"

"చెప్పకపోతే షెడ్డు రాదవ్వా."

"రాకపోతే పాయె. తడికెలుండాయి గదా."

ఉద్యోగం పోతుందన్న మాట మధులత నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. పొట్ట చూపించి బతిమాలుకోవడం ఆమెకు చేతకాదు.

ఆ సాయంత్రం ఆత్మకూరు పోకుండా దుత్తలూరులో దిగి ఇంటికి పోయింది. పెంచలనరసయ్య వాకిట్లో కూర్చుని గొర్రెబొచ్చు కత్తెర నూరుకుంటున్నాడు. కూతురు చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"నాయనా, మనకెన్ని ఉండాయి?" అని ఉన్నట్టుండి అడిగింది.

"ఏందో, నాలుగుండాయి," అన్నాడాయన. అనేశాక కత్తెర ఆపి కూతుర్ని చూసి ఇబ్బందిగా నవ్వాడు.

"నువ్వొచ్చి ఆమెతో ఒకమాట చెప్పరాదా? నీ మాట వింటాది."

"వింటాదని తెలిసి ఎట్టా చెప్పేది?" కత్తెర మళ్లీ రాయి మీద పడింది. "ఆ మాట నేనడగను మధూ. నువ్వు కూడా మళ్లీ అడగబాక. ఇంకోటి, నీ పని పోతాదన్న సంగతి ఆమెతో అనబాక. అన్నావంటే చెప్పేస్తాది."

"చెబితే మంచిదే గదా."

"నీకు మంచిదే."

ఆయన కత్తెర అంచును వేలితో తడిమి చూసుకున్నాడు. మధులతకు ఒళ్లు మండింది. ఫీజులు కట్టి చదివించింది ఈయనే. ఉద్యోగం వచ్చిన రోజు వీధిలో అందరికీ బెల్లం పంచిందీ ఈయనే. ఇప్పుడు ఆ ఉద్యోగం కంటే ఒక అంకె చెప్పకపోవడం ఎక్కువైంది ఈయనకు. పైగా ఆయన అన్నది తప్పని కూడా ఆమెకు అనిపించలేదు. అదే ఇంకా మంటగా ఉంది.

తెల్లవారి మొదటి బస్సుకు ఉదయగిరి పోయింది. బస్సులో ఒక నిర్ణయానికి వచ్చింది. ఫోనొస్తే ఎత్తవద్దని చెప్పాలి. ఫైలు పోతే పోతుంది. తనతో చదివిన కేశవ లాగా తాను కూడా బ్యాంకు పరీక్షలకు కోచింగులో చేరవచ్చు. కేశవ చేరి ఎంతకాలమైందో గుర్తుకొచ్చి, ఆ ఆలోచనను అక్కడే వదిలేసింది.

ఆదిశేషమ్మ మందను ఇంకా తోలలేదు. దొడ్డి ఊడ్చి ఎరువు గంపలకు ఎత్తుతోంది.

"అవ్వా, ఇయ్యాల ఫోనొస్తే ఎత్తబాక. నువ్వు చెప్పొద్దులే."

"ఏంది, రాత్రికి రాత్రే మారిపోయినావు?"

"ఏం లేదు. షెడ్డుకు ఇంకెక్కడన్నా చూద్దాం."

"సరే," అంది ఆదిశేషమ్మ. గంప ఎత్తబోయి ఆగింది. "మొకమేంది అట్టుండాది? నిద్రపోలేదా?"

అంతే. ఆ ఒక్క పలకరింపుకే మధులతకు ఏడుపొచ్చింది. మెయిల్ సంగతి, ఫ్రాడ్ సంగతి, ఒకటే గదా అన్న సంగతి, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. ఉద్యోగం పోతుందన్న మాట తన నోటినుంచి జారిందో, తానే జార్చిందో ఆమెకు తరువాత ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆదిశేషమ్మ చీపురు కంచెకు ఆనించింది. "నిన్న ఎందుకు చెప్పలేదు?"

మధులత చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"నేను షెడ్డు కోసం అనుకున్నా," అంది ఆదిశేషమ్మ. "షెడ్డు కోసమైతే చెప్పను."

ఆ మాటకు అర్థమేమిటో మధులత అడిగేలోపే అవ్వ నడుముకు దోపుకున్న ఫోను మోగింది. మధులత వద్దని చెయ్యి ఊపింది. గట్టిగానే ఊపానని ఆమె అనుకుంది. ఆదిశేషమ్మ ఫోను తీసి, ముసలిచేతికి అలవాటైన పద్ధతిలో స్పీకరు నొక్కి నోటి ముందు అడ్డంగా పట్టుకుంది.

"నమస్కారమండీ. మీ పక్కన మా ఆఫీసర్ ఎవరైనా ఉన్నారా?"

"పక్కన జీవాలుండాయి తల్లీ."

మధులత కంచె దాటి దూరంగా పోయి నిలబడింది. నియమం అది. కానీ ఆ బయల్లో మాట వినబడకపోవడానికి అడ్డమేమీ లేదు.

"మీ దగ్గర మొత్తం ఎన్ని గొర్రెలు ఉన్నాయండీ?"

ఆదిశేషమ్మ మందకు వీపు పెట్టి తిరిగింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. చాలా మెల్లగా చెప్పింది.

"వినిపించలేదండీ. కొంచెం గట్టిగా చెప్పండి."

మళ్లీ చెప్పింది.

"మీ వాయిస్ బ్రేక్ అవుతోందండీ. ఇంకోసారి క్లియర్‌గా, గట్టిగా చెప్పండి."

ఆదిశేషమ్మ కొంగు నోటి మీదనుంచి తీసేసింది. కళ్లు మూసుకుని, పొలంలో మనిషిని పిలిచినంత గట్టిగా ఆ అంకె చెప్పింది. గొర్రెలు కొన్ని తలలు ఎత్తాయి. ఆ అంకె ఇక్కడ రాయడం లేదు. చదివేవాళ్లకు అది తెలియకపోతే వచ్చే నష్టం లేదు, ఆమె నోటినుంచి ఇప్పటికే చాలినన్నిసార్లు వచ్చింది.

"థాంక్యూ అండీ. శుభదినం."

మధులత పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆదిశేషమ్మ ఆమె వైపు చూడలేదు. ఫోను నడుముకు దోపుకుని తిన్నగా మందలోకి పోయింది. పాలు మరిచిన పిల్లల్లో నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నదాన్ని వెనక కాలు పట్టి లాగింది. ఎత్తి తెచ్చి మధులత చేతుల్లో పెట్టింది.

"ఏంది అవ్వా ఇది?"

"తీసుకోని పో. నేను చెప్పిన మాట అబద్ధమైపోవాల. ఇది దొడ్లోనించి పోతే ఆ అంకె నాది కాదు."

"కస్టమర్ల దగ్గర ఏమీ తీసుకోకూడదవ్వా. కంపెనీ రూలు. ఇది తెలిస్తే..."

"నీ రూలు నిలబెట్టేదానికి నేను నోరు విప్పినాను. నా రూలు నిలబెట్టేదానికి నువ్వు చేతులు చాపలేవా?"

పిల్ల వెచ్చగా ఉంది. గుండె దడదడ కొట్టుకుంటోంది, దానిదో తనదో. మధులత తీసుకుంటానని అనలేదు, అలాగని వెనక్కి ఇవ్వనూ లేదు. ఆదిశేషమ్మ అప్పటికే మందను అదిలిస్తూ బయటికి తోలుతోంది. వెనక్కి తిరగకుండానే అంది, "షెడ్డు డబ్బులు నాకొద్దని చెప్పు మీ సారుకు. నీ పేరు బాగుంటే చాలు."

ఉదయగిరి బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని పిల్లను చున్నీ కప్పి ఒళ్లో పెట్టుకుంది. దుత్తలూరులో దిగి దీన్ని నాన్నకు ఇవ్వాలి. ఇస్తే ఆయన అడగడు. చూడగానే తెలిసిపోతుంది ఆయనకు, ఎవరో లెక్క చెప్పారని, ఎవరు చెప్పించారో కూడా. ఏ బస్సు ఎక్కాలో తెలియనిదానిలా రెండు బస్సులు వదిలేసింది.

సురేంద్రబాబు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం దాచుకోలేదు. "మధులతా, వెరిఫై అయిపోయింది! అంకెకు అంకె సరిపోయింది. రిస్క్ వాళ్లు కేసు క్లోజ్ చేసినారు. నేను ముందే చెప్పినాను గదా వాళ్లకు, ఆ పిల్ల తప్పు రాయదు అని."

ఆయన ముందే చెప్పాడో లేదో ఆమెకు గుర్తులేదు. "ఆమె లోను వద్దంటా ఉండాది సార్."

"అంటారు, రెండు రోజులు పోతే వాళ్లే వస్తారు. నువ్వు యాప్‌లో ఫైనల్ కన్‌ఫర్మేషన్ నొక్కు. వివరాలన్నీ ఈ రోజుకు నిజమేనని. అంతే."

"సార్, ఒకటి తగ్గింది."

"ఏం తగ్గింది?"

"జీవాల్లో ఒకటి. కాల్ అయినాక."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. "అమ్మిందా, చచ్చిందా? ఇక్కడ ఆ రెండు గళ్లే ఉండాయి."

"రెండూ కాదు సార్."

"అయితే తగ్గలేదు," అన్నాడు సురేంద్రబాబు. విసుగు లేదు, నిదానంగానే చెప్పాడు. "అర్థమైందా? తగ్గలేదు. నొక్కేయి."

మధులత ఫోనును చెవి నుంచి తీసి స్క్రీను చూసింది. అవును, కాదు అని రెండు మాటలు. అవును మీద వేలు పెట్టింది. ఆకుపచ్చ గుర్తు వచ్చింది. అప్పుడే ఒళ్లోని పిల్ల చున్నీలోంచి తల బయటపెట్టి, తల్లి కోసం గొంతు చించుకుని అరిచింది.

"ఏందది?" అన్నాడు ఫోనులో సురేంద్రబాబు. "ఏందో గొర్రెపిల్ల అరస్తా ఉండాది?"

ఆమె దాని నోటి చుట్టూ వేళ్లు చుట్టి, అరుపు ఆగేదాకా మెల్లగా పట్టుకుంది.

"బస్టాండులో ఉండాను సార్," అంది. "ఎవురిదో."